అడ్రసు నాలుగుసార్లు మారింది... చర్చి మాత్రం కదల్లేదు

ఒక అవ్వను ఊహించుకుందాం. 1930లో సాలూరులో పుట్టింది, అక్కడి లూథరన్ చర్చిలోనే బాప్తిస్మం. అప్పటికి ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1952లో అదే చర్చిలో పెళ్లయింది. అప్పటికి శ్రీకాకుళం జిల్లా. కొడుకు బాప్తిస్మం 1955లో... జిల్లా అదే గానీ రాష్ట్రం మారిపోయింది, ఆంధ్ర రాష్ట్రం. మనవరాలి పెళ్లి 1985లో. ఆనాటికి విజయనగరం జిల్లా, ఆంధ్రప్రదేశ్. మునిమనవడికి 2023లో బాప్తిస్మం ఇచ్చేసరికి పార్వతీపురం మన్యం జిల్లా. ఇన్నింటికీ ఆవిడ నడిచి వెళ్లింది ఒకే వీధిలోంచి, ఒకే గుమ్మానికి.

అవ్వ కల్పితం. తేదీలు మాత్రం నిజం. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950 ఆగస్టు 15న. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి తాలూకాలను తీసుకెళ్లి విజయనగరం జిల్లాలో కలిపింది 1979లో. పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ఆధార్‌లో అడ్రసు మార్చుకోవడానికి మీ సేవ దగ్గర క్యూలో నిలబడిన సాలూరు వాళ్లకి ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మా వైపు ట్రిప్ అనగానే అరకు, లంబసింగి, భీమిలి. గుడి అంటే అరసవల్లి, శ్రీముఖలింగం, రామతీర్థం. వాటి గురించి రీల్స్ కావలసినన్ని ఉన్నాయి. చిన్న ఊళ్లో పాత చర్చిని చూడ్డానికి బస్సెక్కే వాళ్లు తక్కువ. ఆదివారం వెళ్లేవాళ్లు ప్రార్థనకి వెళ్తారు, మిగతావాళ్లు గేటు బయట నుంచే వెళ్లిపోతారు. ఈసారి గేటు లోపలికి వెళ్దాం.

దారి

విజయనగరం నుంచి సాలూరు సుమారు 60 కిలోమీటర్లు. గజపతినగరం, రామభద్రపురం మీదుగా రాయపూర్ వెళ్లే జాతీయ రహదారి. రామభద్రపురంలో రోడ్డు చీలుతుంది, కుడివైపు బొబ్బిలికి, నేరుగా సాలూరుకి. అక్కడి నుంచి ఎదురుగా కొండలు కనిపించడం మొదలవుతుంది. మొదట నీలం గీతలా ఉంటాయి, దగ్గరికెళ్లే కొద్దీ ఆకుపచ్చ గోడలా లేస్తాయి.

సాలూరు అంటే లారీల ఊరు. రోడ్డుకి రెండు వైపులా బాడీ బిల్డింగ్ షెడ్లు, టైర్ల షాపులు, వెల్డింగ్ మెరుపులు. ఎందుకింతమంది లారీల వాళ్లు ఇక్కడే చేరారంటే కారణం భూగోళమే. మైదానం ఇక్కడ ఆగిపోతుంది. ఇక్కడి నుంచి పి.కోనవలస దాటితే ఘాట్ రోడ్డు, ఆ పైన సుంకి, పొట్టంగి, కోరాపుట్, జయపురం, ఇంకా వెళ్తే బస్తరు. కొండ మీదికి సరుకు వెళ్లాలన్నా, కొండ మీది సరుకు కిందికి రావాలన్నా ఈ ఊరే గుమ్మం. లారీలకు ముందు ఎడ్లబళ్లు, వాటికి ముందు కావళ్లు.

రైలు కూడా ఉంది. బొబ్బిలి నుంచి సాలూరుకి సుమారు 18 కిలోమీటర్ల బ్రాంచి లైను, 1913లో వేశారు. చాలాకాలం దానిమీద ఒకే పెట్టెతో రైల్‌బస్ నడిచింది. మా చిన్నప్పుడు దాన్ని చూసి ‘ఇది రైలా, బస్సా?’ అని వాదించుకునేవాళ్లం. 1913 అన్న సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి, గోడల దగ్గరికొచ్చాక మళ్లీ పని పడుతుంది.

బస్సు దిగి లూథరన్ చర్చి ఎటు అని ఒక పెద్దాయన్ని అడిగితే పైనుంచి కిందికి చూసి, “ఏటి బాబూ, ఇంజినీరువా? కొత్తది కట్టీడానికొచ్చినావా?” అన్నాడు. చూడ్డానికే వచ్చానంటే నమ్మలేదు. ఆయన ప్రశ్న దగ్గరికి చివర్లో వద్దాం.

సరిహద్దు మనుషులు

ఈ చర్చి వెనక కథ జర్మనీలో బ్రెక్లుమ్ అనే పల్లెటూళ్లో మొదలవుతుంది. ఉత్తర సముద్రం పక్కన, డెన్మార్క్ సరిహద్దుకి దగ్గర్లో, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ అనే ప్రాంతంలో ఉంటుంది. క్రిస్టియన్ యెన్సెన్ అనే పాస్టరు 1876లో అక్కడ ఒక మిషన్ మొదలుపెట్టాడు. రాజధానిలో కాదు, పెద్ద యూనివర్సిటీ ఊళ్లో కాదు, రైతుల ఊళ్లో.

ఆ ప్రాంతం చరిత్ర చూస్తే మన సాలూరు అవ్వ నవ్వుతుంది. 1864 యుద్ధం దాకా అది డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేది. ఆ యుద్ధం తర్వాత రెండు మూడేళ్లలో ప్రష్యా చేతికి వెళ్లింది. 1871లో జర్మన్ సామ్రాజ్యం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత 1920లో ఓటింగ్ పెట్టి ష్లెస్విగ్‌ని రెండు ముక్కలు చేశారు. ఉత్తర భాగం డెన్మార్క్‌కి, బ్రెక్లుమ్ ఉన్న దక్షిణ భాగం జర్మనీకి. అంటే ఇల్లు కదలకుండా దేశం మారిపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనుషులే ఇక్కడికొచ్చారు.

మొదట వచ్చినవాళ్లు ఇద్దరు, ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోథ్‌మన్. వాళ్లు వెళ్లాలనుకున్నది బస్తరు రాజ్యానికి. రాజమండ్రిలో అప్పటికే ఉన్న లూథరన్ మిషన్ వాళ్లు దారి చూపించారు. తీరా వెళ్తే బస్తరులో ఉండటానికి అనుమతి దొరకలేదు. వెనక్కి తిరిగి జయపురం సంస్థానంలో, 1882లో కోరాపుట్ వైపు పని మొదలుపెట్టారు. తర్వాత పోల్ సాలూరులో కుదురుకున్నాడు.

ఎత్తు మీద చల్లటి కోరాపుట్ ఉండగా వేడెక్కిపోయే సాలూరు ఎందుకు? ఒక కారణం ఊరున్న చోటే, కొండకి మెట్టు లాంటిది. పోస్టు, బజారు, కోస్తాకి దారి అన్నీ ఇటే. రెండోది మన్యం జ్వరం. ఆ రోజుల్లో అడవి గాలి తగిలితే జ్వరమొస్తుందనే అందరి నమ్మకం. దోమ కడుపులో మలేరియా క్రిమి ఉంటుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897లో. అంటే ఈ మనుషులు వచ్చిన పదిహేనేళ్ల తర్వాత. కొండల మీద మొదటి తరం మిషనరీలలో, వాళ్ల పిల్లల్లో జ్వరానికి పోయినవాళ్లు ఉన్నారు. పాత మిషన్ స్టేషన్లలో ఎక్కడికెళ్లినా చర్చితో పాటు సమాధులు కూడా చూడండి, వయసులు చదవండి. ఆ కాలపు మిషన్ సమాధుల్లో పెద్దవాళ్ల కంటే పిల్లల పేర్లు కనిపించడం మామూలే.

రెండు భాషల్లో పనిచేశారు, కొండ మీద ఒడియా, కింద తెలుగు. తర్వాత పార్వతీపురంలో కూడా స్టేషన్ పెట్టారు. సాలూరులో కుష్ఠు రోగుల కోసం మొదలైన ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. లెప్రసీ మిషన్ వాళ్లు చూసుకుంటున్నారు. సొంత ఇంట్లో వాళ్లే పళ్లెం దూరంగా తోసిన రోజుల్లో పుట్టిన ఆసుపత్రి అది.

1914లో యుద్ధం వచ్చింది. ఒక్క రోజులో జర్మన్లు ‘శత్రు దేశస్థులు’ అయిపోయారు. బ్రిటిష్ వాళ్లు వాళ్లని నిర్బంధించి, ఆ తర్వాత ఓడలెక్కించి పంపేశారు. దొరలు లేని చర్చిని ఎవరు నడిపారు? గోదావరి, గుంటూరు వైపు నుంచి అమెరికా లూథరన్లు కొంత చూసుకున్నారు. కానీ ప్రతి ఆదివారం గంట కొట్టింది, పిల్లలకి అక్షరాలు చెప్పింది, చనిపోయినవాళ్లని పాతిపెట్టింది మాత్రం ఇక్కడి వాళ్లే, ఉపదేశులు, పంతుళ్లు, బైబిలు స్త్రీలు. పుస్తకాల్లో వీళ్ల పేర్లు తక్కువ కనిపిస్తాయి. 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి అని స్వతంత్ర సంఘం ఏర్పడింది. రెండో యుద్ధంలో జర్మన్లని మళ్లీ పట్టుకెళ్లినప్పుడు ఈ సంఘానికి అది రెండో అనుభవం.

గీత గీసింది 1936లో

ఇక అసలు మలుపు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రావిన్సు అయింది. అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం సంస్థానం కోరాపుట్ జిల్లాగా అటు వెళ్లిపోయింది. కిందనున్న సాలూరు, పార్వతీపురం మద్రాసులో ఉండిపోయాయి. గీత సరిగ్గా ఘాట్ మీదుగా పడింది.

మ్యాప్ మీద రెండు ముక్కలైనా సంఘం ఒక్కటే. హెడ్ ఆఫీసు జయపురంలో. సాలూరు, పార్వతీపురం తెలుగు సంఘాలకి పెద్ద కుటుంబం కొండకి అవతల, ఒడిశాలో ఉంది. తెలుగు లూథరన్ అనగానే మనకి గుంటూరు, రాజమండ్రిలోని ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి గుర్తొస్తుంది. అది అమెరికన్ల వారసత్వం. ఇక్కడిది జర్మన్లది. పేరు ఒకటే, పుట్టిల్లు వేరు. తర్వాత డెన్మార్క్ వాళ్లు కూడా తూర్పు జయపురం మిషన్ పేరుతో రాయగడ వైపు వచ్చారు. బిస్సంకటక్ ఆసుపత్రి 1954లో డెన్మార్క్ డాక్టరమ్మ ఎలిజబెత్ మాడ్సన్ మొదలుపెట్టిందే.

ఫోను తీయండి, సెల్ఫీకి కాదు

సరే, ఇప్పుడు కట్టడం. పాత చర్చిని ఎలా చూడాలో తెలియకే చాలామంది రెండు నిమిషాల్లో బయటికొచ్చేస్తారు. సాలూరుకే కాదు, పార్వతీపురం, కోరాపుట్, జయపురం, కోట్‌పాడ్... ఎక్కడికెళ్లినా పనికొచ్చే పద్ధతి చెప్తాను.

ముందు ఫోన్‌లో దిక్సూచి యాప్ తెరవండి. గుమ్మంలో నిలబడి బలిపీఠం వైపు పెట్టండి. తూర్పు చూపిస్తే అర్థం ఉంది. 1861లో జర్మనీలోని ఐజెనాఖ్ అనే ఊళ్లో ప్రొటెస్టెంట్ సంఘాల ప్రతినిధులు కలిసి చర్చి ఎలా కట్టాలో కొన్ని నియమాలు రాసుకున్నారు. వాటిలో మొదటివరసలో ఉన్నది ఇదే, బలిపీఠం సూర్యుడు ఉదయించే వైపు ఉండాలని. మిగతావి కూడా వినండి. కట్టడం పొడవైన దీర్ఘచతురస్రంగా ఉండాలి. బలిపీఠం ఉన్న భాగం రెండు మూడు మెట్లు ఎత్తులో ఉండాలి. గోపురం పడమర ద్వారం మీద. కొసదేలిన కమానుల గోథిక్ పద్ధతికి ప్రాధాన్యం. ప్రసంగ పీఠం బలిపీఠం వెనక పెట్టకూడదు, ముందున్న కమాను పక్కన పెట్టాలి. పోల్, బోథ్‌మన్ లాంటి వాళ్లు చదువుకున్నది, పాస్టర్లయింది ఈ నియమాలు జర్మనీ అంతా చెలామణీలో ఉన్న కాలంలోనే. కాబట్టి 1880 తర్వాత జర్మన్ మిషన్ ఎక్కడ కట్టినా, వాళ్ల తలలో ఈ ప్లాన్ ఉండి ఉంటుందనుకోవడం తప్పు కాదు. ఎంత పాటించారు, ఎక్కడ వదిలేశారు అన్నది మీరు వెళ్లి టిక్కులు పెట్టుకోండి.

ఇదే దిక్సూచితో ఉత్తరాంధ్రలో సరదాగా ఒక ఆట ఆడొచ్చు. అరసవల్లిలో సూర్యనారాయణస్వామి తూర్పు చూస్తాడు. మార్చిలో, అక్టోబరులో కొన్ని ఉదయాలు ఎండ నేరుగా ఆయన పాదాల మీద పడుతుంది. అంటే భక్తులు పడమర వైపు చూస్తారు. శ్రీకాకుళం మసీదులో నమాజు చేసేవాళ్లూ మక్కా ఉన్న పడమర వైపే చూస్తారు. ఆ నియమం పాటించిన చర్చిలో కూర్చున్నవాళ్లు మాత్రం తూర్పు చూస్తారు. అందరికీ కావలసింది ఆ వెలుతురే, ఎవరు ఎటు తిరిగి నిలబడ్డారన్నదే తేడా.

ఐజెనాఖ్ నియమాల్లో నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. గట్టి సామాను వాడాలి, మోసపుచ్చే పూత పూయకూడదు అన్నారు. ఇటుకతో కడితే ఇటుకలాగే కనిపించాలి, రాయిలా నటించకూడదు. ఇవాళ మన ఊళ్లలో ఎలివేషన్ పేరుతో గోడకి అతికిస్తున్న రాతి రంగు టైల్స్ చూస్తే ఆ పెద్దమనుషులు ఏమనేవాళ్లో!

ఇప్పుడు లోపల మూడు వస్తువులు వెతకండి: బలిపీఠం, ప్రసంగ పీఠం, బాప్తిస్మపు తొట్టి. లూథరన్ చర్చి అంటే ఈ మూడే. మార్టిన్ లూథర్ స్వయంగా ప్రతిష్ఠ చేసిన చర్చి ఒకటుంది, జర్మనీలో టోర్గావ్ కోటలోని ప్రార్థనా మందిరం, 1544లో. అందులో కొట్టొచ్చినట్టు కనిపించేది ప్రసంగ పీఠమే. పక్క గోడ మధ్యలో, అందరికీ వినపడేలా ఉంటుంది. వాక్యం జనం భాషలో వినపడాలి అన్నదే లూథర్ గొడవంతా. మైకు లేని రోజుల్లో ఎత్తు, పొడవు, పైకప్పు అన్నీ ఒక మనిషి గొంతు చివరి వరసకి చేరాలన్న లెక్కతో నడిచేవి. జనం లేనప్పుడు, అడిగి, ప్రసంగ పీఠం దగ్గర నిలబడి మామూలు గొంతుతో ఒక మాట అనండి. మీ ఫ్రెండ్‌ని చివరి బెంచీలో కూర్చోబెట్టండి. వినపడిందంటే కట్టినవాడికి పని తెలుసు.

తొట్టి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. సాలూరు నుంచి బొబ్బిలి వెళ్లండి. అక్కడ పనిచేసింది కెనడా బాప్టిస్టులు. శ్రీకాకుళం, విజయనగరం, టెక్కలి, సోంపేట, పాలకొండ వైపు కూడా వాళ్లదే పని. బాప్టిస్టులు పెద్దయ్యాక, నీళ్లలో పూర్తిగా ముంచి బాప్తిస్మం ఇస్తారు. కాబట్టి వాళ్లకి చిన్న కుండీ లాంటిది కావాలి, లేదంటే చెరువో, ఏరో. లూథరన్లు పసిపిల్లలకి కూడా ఇస్తారు, తల మీద నీళ్లు పోస్తే చాలు. వాళ్లకి నడుమెత్తు స్తంభం మీద గిన్నె సరిపోతుంది. ఏ ఊరి చర్చి ఏ మిషన్‌దో బోర్డు చదవకుండా చెప్పాలంటే నీళ్లు ఎక్కడున్నాయో చూడండి. 18 కిలోమీటర్ల రైలు ప్రయాణంలో దేవుడు మారడు, తొట్టి సైజు మారుతుంది.

గోడ ఊపిరి పీలుస్తుంది

రైలు 1913లో వచ్చిందని చెప్పాను కదా. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది కూడా 1914లో, పోర్‌బందర్‌లో. అంటే అంతకు ముందు సాలూరు లాంటి ఊళ్లో ఏ మిషన్ బంగళా కట్టినా, చర్చి కట్టినా సిమెంటు లేదు, బరువు మోయడానికి రైలు లేదు. బండి మీద రాగలిగిందీ, చుట్టుపక్కల దొరికిందీ మాత్రమే. ఇటుక, రాయి, అడవి కలప, సున్నం.

ఆ సున్నం ఇవాళ గోడకి కొట్టే పల్చటి తెల్లసున్నం కాదు. సున్నపురాయినో, సముద్రపు గుల్లలనో బట్టీలో కాల్చి, నీళ్లు పోసి మగ్గబెట్టి, ఇసుక కలిపి ఎద్దులు తిప్పే గానుగలో గంటలకొద్దీ రుబ్బుతారు. దాన్నే డంగు సున్నం, గానుగ సున్నం అంటారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం ఉంది. సిమెంటు గంటల్లో బిగుసుకుంటుంది. సున్నం అలా కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ ఏళ్ల తరబడి మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. 1591 నాటి చార్మినార్‌ని నిలబెట్టిందీ ఇదే.

పాత గోడలు రెండడుగుల మందం ఉండటానికి కారణం ఆడంబరం కాదు. సున్నపు గోడ సిమెంటంత గట్టిది కాదు, బరువంతా మందంతోనే మోయాలి. పైకప్పు తోపుడుకి గోడ బయటికి ఒరగకుండా అక్కడక్కడా బయటి వైపు ఆసరా దిమ్మెలు కడతారు. కిటికీ అంచు మీద చెయ్యి పెట్టి కొలవండి, మందం తెలుస్తుంది. ఆ మందమే మే నెలలో లోపల చల్లగా ఉంచేది. పగలంతా ఎండని మింగుతూ, అది లోపలికి చేరేసరికి సాయంత్రం చేసేస్తుంది.

పైకప్పు పెంకులైతే ఒకటి తిప్పి చూడండి. ఊళ్లో కుమ్మరి చేసిన నాటు పెంకు అర్ధచంద్రాకారంగా ఉంటుంది. బల్లపరుపుగా, ఒకదానికొకటి కొక్కెంలా పట్టుకునేది మంగుళూరు పెంకు. దాన్ని మన దేశంలో ఫ్యాక్టరీలో చేయడం మొదలుపెట్టింది కూడా మిషనరీలే. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీ అది, జార్జ్ ప్లెబ్స్ట్ అనే ఆయన చేతి మీదుగా. మన తాతల ఇళ్ల మీద, స్కూళ్ల మీద, రైల్వే స్టేషన్ల మీద కనిపించే ఎర్ర కప్పుకి అసలు మూలం అక్కడుంది.

ఇప్పుడు చెమ్మ సంగతి. వానాకాలంలో సున్నపు గోడ నీళ్లు పీలుస్తుంది, ఎండ రాగానే బయటికి వదిలేస్తుంది. గోడ ఊపిరి పీలుస్తుందని మేస్త్రీలు అనేది అందుకే. దాని మీద సిమెంటు పూత వేశారనుకోండి, ముక్కు మూసినట్టే. లోపలికెళ్లిన చెమ్మ బయటికి రాదు. ఉప్పు పేరుకుని, పూత ఉబ్బి, బుడగలొచ్చి, పెచ్చులుగా రాలుతుంది. మా తాతగారి ఇంటికి సరిగ్గా ఇదే చేశాం. పాత గోడ పాడైపోతోందని సిమెంటు పూశాం, రెండు వానాకాలాలకే ఇంకా పాడైంది. ‘పాత గోడ కదా, ఇంతే’ అని గోడనే తిట్టాం. తప్పు గోడది కాదని తెలిసేసరికి అది లేదు.

రాగం, తాళం

ఒక్క నిమిషం పక్కకి. సాలూరు సంగీతపు ఊరు. సాలూరి రాజేశ్వరరావు గారు పుట్టిన శివరామపురం ఈ పక్కనే. ఘంటసాలకి విజయనగరంలో పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిని సాలూరు చినగురువు గారు అనేవాళ్లు. అలాంటి చోట జర్మన్ చర్చిలో ఏం పాడేవాళ్లు? తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఆ కీర్తనలు రాసినవాళ్లలో పెద్దాయన పురుషోత్తమ చౌధరి, పర్లాకిమిడి వైపు మనిషి, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. జర్మన్లు రావడానికి యాభై ఏళ్ల ముందు సంగతి. యూరప్ కమాను కింద కూర్చుని మన రాగంలో పాడటం అన్నమాట. కట్టడం ఎవరిదైనా, లోపల నిండే చప్పుడు ఊరిది.

కొత్తది కట్టీడానికొచ్చినావా?

ఆ పెద్దాయన ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. పాత చర్చిని పడగొట్టి కొత్తది కట్టడం ఇప్పుడు కోస్తా అంతా జరుగుతున్న పనే. సంఘం పెరిగింది, చోటు చాలదు. కప్పు కారుతోంది. పక్క వీధిలో కొత్త సంఘం వాళ్లకి ఏసీ హాలు, ఎల్‌ఈడీ తెర, డ్రమ్స్. కుర్రాళ్లు అటు పోతున్నారు. సంఘపెద్దల మీద ఒత్తిడి ఉంటుంది, వాళ్లని తప్పుపట్టడం తేలిక. చరిత్ర అంటూ వారం రోజులు ఊదరగొట్టి వెళ్లిపోయే నాలాంటివాడికి, వానొచ్చినప్పుడు బెంచీల కింద బకెట్లు పెట్టే బాధ తెలీదు.

అయినా ఒక మాట అంటాను. ఈ సంఘాల్లో ఎక్కువమంది ఊరి గుడి గడప దాటనివ్వని కులాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ముత్తాతలకి ఎదురుగుండా, పెద్ద ద్వారం గుండా, తలెత్తుకుని లోపలికి వెళ్లి అందరితో సమానంగా కూర్చున్న మొదటి పక్కా కట్టడం బహుశా అదే. ఇటుకలు మోసింది, సున్నం రుబ్బింది ఎక్కువగా అలాంటి చేతులే అయ్యుంటాయి. దాన్ని ‘జర్మనోళ్ల చర్చి’ అనడమే మొదటి పొరపాటు. ప్లాన్ జర్మనీది, చెమట సాలూరుది.

లోపల బీరువాలో ఇంకోటుంటుంది, రిజిస్టర్లు. బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన. పట్టాలు లేని, శాసనాల్లో లేని, ఏ జమీందారు కాగితంలోనూ పేరు కనపడని కుటుంబాలకి తాత పేరు, అవ్వ పేరు, తేదీతో సహా మొదటిసారి ఎక్కింది అలాంటి పుస్తకాల్లోనే. వాటికి చెదలు పడితే రెండో కాపీ ఎక్కడా దొరకదు.

కాబట్టి కుర్రాళ్లకి నా అర్జీ చాలా చిన్నది. పడగొట్టాలా వద్దా అన్నది సంఘం తేల్చుకుంటుంది. దానికి ముందు మూడు పనులు ఫోన్‌తోనే అయిపోతాయి. పాస్టరు అయ్యగారిని అడిగి రిజిస్టర్లని పేజీ పేజీ ఫొటో తీయండి. మనుషుల వ్యక్తిగత వివరాలు కాబట్టి స్టేటస్‌లో పెట్టకండి, సంఘం దగ్గరే దాచండి. కట్టడాన్ని నాలుగు వైపుల నుంచి, లోపల ప్రతి గోడనీ, కప్పు దూలాలనీ, పలకల మీద అక్షరాలనీ తీయండి. ఊళ్లో ముసలివాళ్లని కూర్చోబెట్టి ఎవరు కట్టారు, ఏ బట్టీ సున్నం, కలప ఏ అడవిది, గంట ఎప్పుడొచ్చింది అని అడిగి రికార్డు చేయండి. ఇంకా ఓపిక ఉంటే, కారుతున్న కప్పుకి అంచనా వేయించేటప్పుడు సిమెంటు మేస్త్రీతో పాటు సున్నం పని తెలిసిన మేస్త్రీని కూడా పిలిచి ఒక అంచనా అడగండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని అప్పుడు ఓటేయండి.

వెళ్లాలనుకునేవాళ్లకి: ఆదివారం ఉదయం ఆరాధన జరుగుతుంది, కెమెరా పట్టుకుని మధ్యలో తిరగకండి, అయ్యాక అడగండి. మిగతా రోజుల్లో తాళం ఎవరి దగ్గరుందో పక్కింటివాళ్లకి తెలుస్తుంది. చెప్పులు విప్పాలా వద్దా అన్నది గుమ్మం దగ్గర చూస్తే అర్థమైపోతుంది.

సాయంత్రం సాలూరు బస్టాండులో తిరుగు బస్సు కోసం నిలబడ్డాను. ఒక పక్క విజయనగరం బస్సు, ఇంకో పక్క కోరాపుట్ వెళ్లేది. దాని మీద బోర్డు ఒడియాలో ఉంది. తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ చంకలో బైబిలు, చేతిలో అరటిపళ్ల సంచితో ఎక్కుతూ కండక్టరుతో ఒడియాలో టికెట్టు అడిగింది. వెనక్కి తిరిగి, సాగనంపడానికొచ్చిన పిల్లతో తెలుగులో అంది: “ఎల్లొస్తాను. మళ్లీ ఆదివారానికొచ్చీస్తానే.”